సిగ్నల్ బస్సెక్కింది గానీ బిల్లు స్క్రీన్ దగ్గర దిగలేదు: డీ-బస్‌లో సందేశం ఎటు పోతుంది, ఎక్కడ ఆగుతుంది

తమ్మీ, ముందు నీ ప్రశ్నను తక్కినవాళ్ల కోసం కుదించి చెప్తా. జమ్మికుంట దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు, దానికొక వేబ్రిడ్జి. కాంటా ఇండికేటర్ నుంచి ఆర్‌ఎస్-232 (సీరియల్ పోర్టు) వైరు చిన్న లైనక్స్ పెట్టెకు వస్తుంది. ఆ పెట్టెలో మూడు ప్రోగ్రాములు: ఇండికేటర్‌ను చదివే కాంటా సర్వీసు, బిల్లు స్క్రీన్, బయట రైతులకు కనబడే పెద్ద డిస్‌ప్లేను నడిపేది. మూడూ పైథాన్‌లోనే, మూడూ మాట్లాడుకునేది సిస్టమ్ డీ-బస్ మీదనే. డీ-బస్ అంటే ఒకే పెట్టెలోని ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే దారి; పెట్టె మొత్తానికి ఉండేది సిస్టమ్ బస్, లాగిన్ అయిన ఒక్కో యూజర్‌కు ఉండేది సెషన్ బస్. తిప్పలు రెండు. మొదటిది, పత్తి ట్రాక్టర్ కాంటా ఎక్కగానే సర్వీసు పంపే 'బరువుమారింది' సిగ్నల్ (జవాబు ఆశించని సందేశం) మానిటర్‌లో (బస్ మీద పోయే సందేశాలను చూపే కమాండు) సక్కగ కనబడుతున్నది, బిల్లు స్క్రీన్‌కు ఒక్కటి కూడా చేరడం లేదు. సీరియల్ పోర్టు చదివే పనిని వేరే త్రెడ్‌లో (అదే ప్రోగ్రాములో పక్కన నడిచే ఇంకో పని వరుస) పెట్టినప్పటి నుంచే ఇది. రెండోది, స్క్రీన్ మీద 'సున్నా చెయ్యి' నొక్కితే ఒక్కోసారి 25 సెకండ్లు అంతా బిగుసుకుపోయి 'నోరిప్లై' (జవాబు రాలేదు) ఎర్రర్ వస్తున్నది.

బస్‌నే తప్పుపట్టి 'రీస్టార్ట్ చేద్దామా' అని అడిగినవు. చెయ్యకు. ఎందుకో కింద చెప్తా. నువ్వు పెట్టిన లాగ్‌లో రెండు వరుసలు చాలు, మొదటి తప్పు అందులోనే ఉన్నది. కానీ అది కనబడాలంటే సందేశం దారి ముందు తెలవాలె.

ఒక మాట: కింద పేర్లన్నీ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నా. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. డీ-బస్ పేర్లలో తెలుగు అక్షరాలు చెల్లవు.

పేర్లు రెండు రకాలు

ఏ ప్రోగ్రామైనా బస్‌కు కనెక్ట్ కాగానే ముందు తానెవరో నిరూపించుకోవాలి. లైనక్స్‌లో అది యూనిక్స్ సాకెట్ మీదనే జరుగుతుంది. సిస్టమ్ బస్ అయితే /రన్/డీబస్ కింద ఉండే సాకెట్, సెషన్ బస్ అయితే /రన్/యూజర్/1000/బస్ లాంటిది. క్లయింటు తన యూజర్ నంబరు చెప్తుంది, బస్ దాన్ని కెర్నెల్ ఇచ్చిన వివరంతో సరిచూసుకుంటుంది. అది అయ్యాక క్లయింటు 'హలో' అనే మెథడ్ కాల్ (ఒక పని చెయ్యమని అడిగే సందేశం) చేస్తుంది, బస్ జవాబుగా :1.56 లాంటి ఒక పేరు ఇస్తుంది. దీన్ని యూనిక్ నేమ్ అంటారు. ఆ బస్ నడుస్తున్నంత కాలం ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వదు. ప్రోగ్రాము చచ్చి మళ్లీ లేస్తే కొత్త నంబరే.

ఇక్కడ బాగా గుర్తు పెట్టుకోవాల్సింది: ఆ నంబరు ప్రాసెస్‌కు కాదు, కనెక్షన్‌కు. ఒకే ప్రాసెస్ రెండు కనెక్షన్లు తెరిస్తే బస్ లెక్కలో వాళ్లిద్దరు వేర్వేరు మనుషులు.

రెండో రకం పేరు అందరికీ తెలిసిన పేరు, నీ దగ్గర 'ఇన్.మిల్లు.కాంటా'. ఇది తహసీల్దారు కుర్చీ లాంటిది. అర్జీ మీద 'తహసీల్దారు గారికి' అని రాస్తాం, ఆ రోజు కుర్చీలో ఎవరుంటే వారికి పోతుంది. 'రిక్వెస్ట్‌నేమ్' కాల్‌తో ఒక కనెక్షన్ ఆ కుర్చీ అడుగుతుంది. జవాబు 1 వస్తే కుర్చీ నీది. 2 వస్తే లైన్లో నిలబడ్డవు. 3 వస్తే వేరేవాళ్లున్నారు, నీకు లేదు. 4 వస్తే ఇదివరకే నీదే. చాలామంది ఈ జవాబును చూడనే చూడరు. పాత సర్వీసు ప్రాసెస్ చావకుండా వెనక మిగిలిపోతే కొత్తది 2 తెచ్చుకుని లైన్లో నిలబడి, తానే యజమాని అనుకుని పని చేసుకుంటూ పోతుంది. కాల్స్ మాత్రం పాతదానికే పోతాయి. కోడ్ మార్చినా మార్పు కనబడటం లేదని తలపట్టుకునే లొల్లిలో సగం ఇదే. అడిగేటప్పుడే 'లైన్లో నిలబెట్టకు' అనే జెండా పెట్టు, దాని విలువ 4. జవాబు 1 కాకపోతే ప్రోగ్రామును అక్కడే ఆపెయ్యి.

పేర్ల స్పెల్లింగులో ఒక మెలిక. బస్ పేరులో హైఫన్ చెల్లుతుంది, ఇంటర్‌ఫేస్ (సర్వీసు ఇచ్చే మెథడ్‌లు, సిగ్నల్స్ గుంపు) పేరులో, ఆబ్జెక్ట్ పాత్‌లో (సర్వీసు లోపల ఒక్కో ఆబ్జెక్టు చిరునామా) చెల్లదు. బస్ పేరులో, ఇంటర్‌ఫేస్ పేరులో చుక్క కనీసం ఒక్కటుండాలి, చుక్క తర్వాత ముక్క అంకెతో మొదలు కావద్దు, మొత్తం 255 అక్షరాలు దాటొద్దు. అందుకే 'కాంటా-1' అని పెట్టే అలవాటు మానుకుని మూడు చోట్లా 'కాంటా1' అని పెడితే గొడవుండదు.

బస్ ఏం చూస్తుంది, ఏం చూడదు

సందేశాలు నాలుగే రకాలు: మెథడ్ కాల్, దానికి జవాబు, ఎర్రర్, సిగ్నల్. ప్రతి దానికీ మొదట 12 బైట్ల స్థిరమైన భాగం. బైట్ల వరుస ఏదో చెప్పే ఒక అక్షరం, రకం, జెండాలు, ప్రొటోకాల్ వెర్షన్, తర్వాత బాడీ పొడవు, సీరియల్ నంబరు. ఆ వెనక చిరునామా ఫీల్డులు: పాత్, ఇంటర్‌ఫేస్, మెంబర్ (మెథడ్ లేదా సిగ్నల్ పేరు), డెస్టినేషన్ (ఎవరికి), సెండర్ (ఎవరి నుంచి), జవాబైతే 'రిప్లై సీరియల్'.

సెండర్ ఫీల్డు నింపేది పంపినవాడు కాదు, బస్. వాడేం రాసినా బస్ దాన్ని చెరిపి అసలు యూనిక్ నేమ్ రాస్తుంది. కాబట్టి సెండర్‌ను నమ్మొచ్చు. తూకం విషయంలో ఈ ఒక్క సంగతికి ఎంత విలువ ఉన్నదో కింద తెలుస్తది.

డెస్టినేషన్ ఉంటే బస్ ఆ కుర్చీలో ఎవరున్నారో చూసి, పాలసీ (ఎవరు ఎవరికి ఏం పంపొచ్చో చెప్పే నియమాలు) ఒప్పుకుంటే ఆ కనెక్షన్ క్యూలో వేస్తుంది. అది మెథడ్ కాలైనా సరే, ఒకరి పేరు మీదనే పంపిన సిగ్నలైనా సరే. డెస్టినేషన్ లేని సిగ్నలైతే అది చాటింపు. డప్పు కొట్టి చెప్పడమే. అయితే ఊళ్లో అందరికీ వినబడదు, 'ఇట్లాంటిది వస్తే నాకు చెప్పు' అని ముందే 'యాడ్‌మ్యాచ్' కాల్‌తో రాసి పెట్టుకున్నవాళ్లకే చేరుతుంది. నీవి రెండు మూడు నియమాలు ఒకే సిగ్నల్‌కు సరిపోయినా బస్ నీకు ఒక్క కాపీనే ఇస్తుంది. అదే నియమం రెండుసార్లు చేరిస్తే మాత్రం రెండుసార్లు తీసెయ్యాలి.

బస్ చూడనిది ఏమిటి? మెథడ్ కాల్‌లో ఆ పాత్ నిజంగా ఉన్నదా, ఆ మెథడ్ పేరు సరైనదేనా, ఇవేమీ దానికి పట్టవు. దాని పని గేటు దాకా చేర్చడం. లోపల ఏ ఆబ్జెక్టు, ఏ ఫంక్షను అనేది అందుకున్న ప్రాసెస్‌లోని లైబ్రరీ చూసుకుంటుంది. బాడీలోకి తొంగి చూసేది ఒక్క సందర్భంలోనే: మ్యాచ్ నియమంలో ఆర్గ్0, ఆర్గ్1 అని రాస్తే (ఆర్గ్63 దాకా రాయొచ్చు) ఆ స్ట్రింగు సరిపోతుందా అని.

అందుకే ఏ ఎర్రర్ వచ్చినా దాని పేరు కన్నా ముందు దాన్ని ఎవరు పంపారో చూడు. సెండర్‌లో బస్ సొంత పేరు, అంటే ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.డీబస్, ఉంటే నీ ఉత్తరం దారిలోనే ఆగింది. 'సర్వీస్‌అన్‌నోన్' అంటే ఆ కుర్చీ ఖాళీ, కుర్చీలో కూర్చోబెట్టడానికి సర్వీస్ ఫైలూ లేదు. 'యాక్సెస్‌డినైడ్' అంటే పాలసీ ఆపింది. సెండర్‌లో :1.56 లాంటి నంబరుంటే ఉత్తరం చేరింది, లోపలివాళ్లు కాదన్నారు. 'అన్‌నోన్‌మెథడ్', 'అన్‌నోన్‌ఆబ్జెక్ట్' ఇట్లాంటివే. యాక్సెస్‌డినైడ్‌ను సర్వీసు కూడా తన తరఫున పంపొచ్చు. పేరు ఒక్కటే, కారణాలు వేరు, మందులు వేరు. పాలసీ ఫైలులో గంటల కొద్దీ వెతికినా దొరకని తప్పు చాలాసార్లు సర్వీసు కోడ్‌లో ఉంటుంది.

మూడో రకం ఒకటుంది, మానిటర్‌లో అసలు కనబడనే కనబడదు: నీ సొంత లైబ్రరీ తయారుచేసేది. జవాబు కోసం చూసి చూసి, మామూలుగా 25 సెకండ్లకు, తనకు తానే నోరిప్లై రాసుకుని నీ కోడ్‌కు ఇస్తుంది. అదే నోరిప్లైని బస్ కూడా పంపగలదు, సర్వీసు జవాబివ్వక ముందే చచ్చిపోతే. తేడా ఏమిటంటే బస్ పంపేది వెంటనే వస్తుంది, లైబ్రరీది నిండా 25 సెకండ్లు తింటుంది. నీది రెండోది. అంటే సర్వీసు బతికే ఉన్నది, ఉత్తరం అందింది, తీసి చదివే తీరిక దానికి లేదు.

నీ మొదటి తప్పు

నువ్వు పెట్టిన 'బస్‌సీటీఎల్ లిస్ట్' (బస్ మీద ఎవరెవరున్నారో చూపే కమాండు) ముక్క, మానిటర్ ముక్క పక్కపక్కన పెట్టి చూడు. పీఐడీ అంటే ప్రాసెస్ నంబరు.

ఇన్.మిల్లు.కాంటా – పీఐడీ 812 – కనెక్షన్ :1.56

సిగ్నల్ – సెండర్ :1.58 – డెస్టినేషన్ లేదు – పాత్ /ఇన్/మిల్లు/కాంటా1 – మెంబర్ బరువుమారింది – విలువ 6480

పేరు ఉన్నది :1.56 దగ్గర. సిగ్నల్ వచ్చింది :1.58 నుంచి. 'బస్‌సీటీఎల్ స్టేటస్ :1.58' అని కొట్టు, పీఐడీ మళ్లీ 812 వస్తుంది. అంటే ప్రాసెస్ ఒక్కటే, కనెక్షన్లు రెండు. సీరియల్ చదివే త్రెడ్‌లో బస్‌ను ప్రైవేట్ కనెక్షన్‌గా మళ్లీ తెరిచి ఉంటవు.

బిల్లు స్క్రీన్ పెట్టుకున్న నియమంలో సెండర్ 'ఇన్.మిల్లు.కాంటా' అని ఉన్నది. బస్ ఆ పేరును ఆ క్షణాన ఎవరు పట్టుకున్నారో చూసి, సిగ్నల్ పంపిన కనెక్షన్‌తో పోలుస్తుంది. :1.58కి ఆ కుర్చీ లేదు కాబట్టి నియమం సరిపోలేదు. చాటింపులో ఎవరికీ చేరకపోవడం తప్పు కాదు, అందుకే ఎర్రర్ కూడా రాలేదు. సిగ్నల్‌కు జవాబే ఉండదు. ఎవరు విన్నారో పంపినవాడికి ఎన్నడూ తెలవదు.

మరి మానిటర్‌లో ఎందుకు కనబడింది అంటే, మానిటర్ చూపించేది బస్ చేతికి వచ్చిన సందేశాన్ని. ఇంకొకరి చేతికి ఇచ్చిందని దానర్థం కాదు. పాలసీ ఆపేసిన సందేశం కూడా మానిటర్‌లో కనబడుతుంది. 'మానిటర్‌లో వస్తున్నది కాబట్టి పంపే వైపు అంతా బాగే' అనుకోవడం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. నువ్వు మానిటర్‌కు సర్వీసు పేరు ఇచ్చి ఉంటే, అది కూడా ఆ పేరు మీదనే వడకడుతుంది కాబట్టి, సిగ్నల్ అక్కడా కనబడకపోయేది. అప్పుడు అనుమానం తొందరగా వచ్చేది. ఇక మీద రెండు రకాలుగానూ పెట్టి చూడు: ఒకసారి ఉత్తగా, ఒకసారి పేరుతో. సిస్టమ్ బస్ మీద మానిటర్‌కు రూట్ హక్కు కావాలి.

ఇప్పుడు మందు. బిల్లు స్క్రీన్ నియమంలోంచి సెండర్‌ను తీసేస్తే సిగ్నల్ వెంటనే వస్తుంది. ఇంటర్నెట్‌లో ఈ సలహా దొరుకుతుంది కూడా. తూకం దగ్గర ఆ పని అస్సలు చెయ్యొద్దు. సిస్టమ్ బస్ డిఫాల్ట్ పాలసీలో సిగ్నల్స్ ఎవరైనా పంపొచ్చు. సెండర్ పట్టింపు లేకపోతే ఆ పెట్టెలో లాగిన్ ఉన్న ఎవడైనా ఒక్క కమాండ్‌తో 'బరువుమారింది, 6980' అని చాటించి బిల్లులో అయిదు క్వింటాళ్లు కలపగలడు, లేదా రైతు లెక్కలోంచి కోయగలడు. సెండర్ నియమం ఉన్నంత సేపు అది కుదరదు, ఎందుకంటే ఆ ఫీల్డు రాసేది బస్. పేరు పట్టుకునే హక్కును పాలసీ ఫైలులో ఒక్క 'కాంటా' యూజర్‌కే ఇస్తే తాళం పూర్తిగా పడ్డట్టు.

సరైన మందు ఏమిటంటే, సీరియల్ త్రెడ్ బస్‌ను ముట్టుకోవద్దు. అది చదివిన బరువును ఒక క్యూలో వెయ్యాలి, లేదంటే జీలిబ్ లైబ్రరీలోని ఐడిల్‌యాడ్‌తో మెయిన్ లూప్‌కు (వచ్చిన సందేశాలను ఒక్కొక్కటే తీసి పని చేయించే ప్రధాన వరుస) అప్పజెప్పాలి. సిగ్నల్‌ను మెయిన్ లూప్ :1.56 మీదనే పంపాలి. త్రెడ్‌ల నడుమ ఒకే కనెక్షన్‌ను పంచుకుంటే పోలే అని కూడా అనుకోకు. పైథాన్ డీబస్ లైబ్రరీతో ఆ పని నమ్మదగ్గది కాదు, వారానికోసారి ఎందుకు పడిపోతుందో తెలియని ప్రోగ్రాము తయారవుతుంది.

పనిలో పని, సెకండుకు పదిసార్లు ఇండికేటర్ పంపే ప్రతి రీడింగునూ చాటించకు. విలువ మారినప్పుడు ఒకటి, నిలకడగా ఆగినప్పుడు ఒకటి, అంతే. ప్రతి చాటింపుకూ ముందు బస్, తర్వాత వినే ప్రతి ప్రాసెస్ నిద్ర లేస్తాయి.

రెండో తప్పు: 25 సెకండ్లు

'సున్నా చెయ్యి' కాల్ వచ్చినప్పుడు నీ హ్యాండ్లర్ ఇండికేటర్‌కు కమాండ్ రాసి, జవాబు వచ్చేదాకా పోర్టు దగ్గరే కూర్చుంటున్నది. ప్లాట్‌ఫారం మీద ఏదైనా కదులుతుంటే, గాలికి ఊగుతున్నా సరే, నిలకడ వచ్చేదాకా ఇండికేటర్ సున్నా తీసుకోదు. అంతసేపు మెయిన్ లూప్ ఆగి ఉంటుంది. ఆ సమయంలో వచ్చిన ఇంకే కాల్‌కూ జవాబు పోదు, సిగ్నల్స్ కూడా ఆగుతాయి. ఒక్కోసారే ఎందుకొస్తున్నదో ఇగ అర్థమై ఉంటుంది: కాంటా నిలకడగా ఉన్నప్పుడు అంతా బాగే.

దీనికి రెండు వైపులా మార్చాలి. సర్వీసులో ఆ మెథడ్‌ను ఎసింక్ కాల్‌బ్యాక్ పద్ధతిలో రాయి. కమాండును సీరియల్ త్రెడ్‌కు అప్పజెప్పి హ్యాండ్లర్ వెంటనే బయటికి రావాలి, ఫలితం వచ్చాక జవాబు పంపాలి. ఇట్లా ఆలస్యంగా పంపినా జవాబు దారి తప్పదు. కాల్ సీరియల్ నంబరు జవాబులోని రిప్లై సీరియల్‌లో ఉంటుంది, డెస్టినేషన్‌లో అడిగినవాడి యూనిక్ నేమ్ ఉంటుంది. కాల్స్ 41, 42, 43 అని పోయి జవాబులు 43, 41, 42 అని తిరిగొచ్చినా లైబ్రరీ దేనికది జత చేసుకుంటుంది. పోర్టు మీద 2 సెకండ్ల టైమవుట్ పెట్టి, నిలకడ రాకపోతే 'ఇన్.మిల్లు.కాంటా.నిలకడలేదు' లాంటి సొంత ఎర్రర్ పంపు. నోరిప్లై కన్నా అది కాంటా ఆపరేటర్‌కు పనికొస్తుంది.

బిల్లు స్క్రీన్‌లో కూడా జవాబు కోసం బ్లాక్ అయ్యే కాల్ వద్దు. నీ కోడ్‌లో సర్వీసు కూడా మధ్యలో 'ట్రాక్టర్ నంబరేమిటి' అని బిల్లు స్క్రీన్‌ను తిరిగి అడుగుతున్నట్టు కనబడుతున్నది. ఇద్దరూ బ్లాక్ అయ్యే కాల్సే వాడితే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు 25 సెకండ్లు చూస్తూ కూర్చుంటారు. ఆ నంబరును కాల్‌తో పాటే ఆర్గ్యుమెంటుగా పంపించు, వెనక్కి అడిగే అవసరమే ఉండదు.

టైమవుట్‌ను 25 నుంచి 60కి పెంచడం మందు కాదు. స్క్రీన్ బిగుసుకునే సమయం పెరుగుతది, అంతే.

కరెంటు పోయి వచ్చినప్పుడు

ఇది నువ్వు అడగలేదు, కానీ పత్తి సీజన్ నడుమ తప్పకుండా తగులుతుంది. పెట్టె మళ్లీ లేచేటప్పుడు బిల్లు స్క్రీన్ ముందు లేచి, సర్వీసు వెనక లేస్తే సర్వీస్‌అన్‌నోన్ వస్తుంది. యాక్టివేషన్ ఫైలు పెట్టుకుంటే బస్ తనే సర్వీసును లేపుతుంది. సిస్టమ్ బస్‌కు అది /యూఎస్‌ఆర్/షేర్/డీబస్-1/సిస్టమ్-సర్వీసెస్ ఫోల్డర్‌లో ఉండాలి. అందులో పేరు, యూజర్, సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రాము) యూనిట్ పేరు రాయాలి. యూనిట్ ఫైలులో టైప్ 'డీబస్' అనీ, బస్‌నేమ్ 'ఇన్.మిల్లు.కాంటా' అనీ పెడితే, పేరు పట్టుకున్నాకే సర్వీసు లేచినట్టు సిస్టమ్‌డీ లెక్కపెడుతుంది. సర్వీసు లేచేదాకా వచ్చిన కాల్స్‌ను బస్ ఆపి ఉంచి, పేరు పట్టుకోగానే వరుసలో అప్పజెప్తుంది.

అప్పజెప్పేది పేరు పట్టుకున్న ఆ క్షణమే. కాబట్టి ఆబ్జెక్టులను ముందు ఎక్స్‌పోర్ట్ చేసి, పేరు చివర్న అడగాలి. తిరగేసి రాస్తే మొదటి కాల్‌కు అన్‌నోన్‌ఆబ్జెక్ట్, రెండో కాల్‌కు సరైన జవాబు. 'రెండోసారి నొక్కితే పనిచేస్తది సార్' అనే ఫిర్యాదు వింటే ముందు ఈ వరుస చూడు.

వినే వైపు కూడా వరుస ఉన్నది. సిగ్నల్ దాచిపెట్టబడదు. ట్రాక్టర్ ఎక్కి ఆగాక బిల్లు స్క్రీన్ లేస్తే దానికి బరువు ఎన్నడూ తెలవదు. అందుకని ముందు యాడ్‌మ్యాచ్, ఆ తర్వాత 'ఇప్పుడు బరువెంత' అని ఒక మెథడ్ కాల్. తిప్పి చేస్తే అడగడానికీ వినడానికీ నడుమ సందులో ఒక మార్పు జారిపోతుంది. ముందు చెవి, తర్వాత నోరు. బస్ సందేశాల వరుసను తారుమారు చెయ్యదు కాబట్టి ఈ పద్ధతిలో సందు మిగలదు.

సర్వీసు మధ్యలో పడిపోయి లేస్తే తెలుసుకోవడానికి బస్ పంపే 'నేమ్‌ఓనర్‌చేంజ్‌డ్' సిగ్నల్ విను. అందులో మూడు విలువలు: పేరు, పాత యజమాని, కొత్త యజమాని. కొత్తది ఖాళీ అయితే కుర్చీ ఖాళీ అయింది, స్క్రీన్ మీద బరువు తీసేసి గీతలు చూపించు, పాత బరువు అట్లనే నిలిచి ఉండనియ్యకు. కొత్త యజమాని రాగానే బరువు మళ్లీ అడుగు. ఈ నియమంలో ఆర్గ్0గా నీ పేరు రాయడం మరిచిపోకు. రాయకపోతే పెట్టెలో ఎవరు కనెక్టైనా, ఎవరు పోయినా నిన్ను లేపుతుంది.

పాలసీ ఫైలు

సిస్టమ్ బస్‌లో మొదటి నుంచే పేర్లు పట్టుకోవడం బంద్, మెథడ్ కాల్స్ బంద్. సిగ్నల్స్‌కు, అడిగినదానికి వచ్చే జవాబులకు మాత్రమే అనుమతి. సెషన్ బస్ మీద రాసినప్పుడు పనిచేసింది సిస్టమ్ బస్ మీదికి మార్చగానే ఆగిపోయేది అందుకే. ఫైలును /ఈటీసీ/డీబస్-1/సిస్టమ్.డీ లో పెట్టు, చివర .కాన్ఫ్ ఉండాలి, లేకపోతే బస్ దాన్ని చదవనే చదవదు. 'కాంటా' యూజర్‌కు పేరు పట్టుకునే అనుమతి, డిఫాల్ట్ కింద గానీ బిల్లింగ్ గ్రూపుకు గానీ ఆ డెస్టినేషన్‌కు పంపే అనుమతి. రెండు నియమాలు చాలు. ముందు డిఫాల్ట్, తర్వాత గ్రూపు, తర్వాత యూజర్, ఆఖరున మాండేటరీ అనే వరుసలో చూస్తుంది, వెనక సరిపోయిందే గెలుస్తుంది.

పైలం: నియమంలో డెస్టినేషన్ రాయకుండా ఉత్త ఇంటర్‌ఫేస్ పేరు రాసి 'డినై' (ఆపు) పెట్టకు, అది పెట్టెలో మిగతా సర్వీసులకు కూడా వర్తిస్తుంది. ఇంకొకటి, ఒకే కనెక్షన్ రెండు పేర్లు పట్టుకుంటే, ఒక పేరుకు పెట్టిన డినై రెండో పేరుకు పోయే సందేశాన్ని కూడా ఆపుతుంది. పాలసీ చూసేది ఉత్తరం మీద రాసిన పేరును కాదు, అందుకునే కనెక్షన్ పట్టుకున్న పేర్లన్నిటినీ.

ఫైలు మార్చాక బస్‌ను రీస్టార్ట్ చెయ్యనక్కర లేదు, 'రీలోడ్‌కాన్ఫిగ్' కాల్ చాలు. నడుస్తున్న పెట్టెలో సిస్టమ్ బస్‌ను ఆపి లేపితే లాగిన్, నెట్‌వర్క్ మేనేజర్ వంటివన్నీ ఒక్కసారే తెగిపోతాయి. కొన్ని తిరిగి అతుక్కుంటాయి, కొన్ని అతుక్కోవు. అంతగా అవసరమైతే పెట్టెనే రీబూట్ చెయ్యడం నయం.

చేతితో పరీక్షించేటప్పుడు

'డీబస్-సెండ్' వాడుతున్నానని రాసినవు. అది ఏమీ చెప్పకపోతే సిగ్నల్ పంపుతుంది, మెథడ్ కాల్ కాదు. 'ప్రింట్-రిప్లై' గానీ, టైపు 'మెథడ్_కాల్' అని గానీ పెడితేనే కాల్ అవుతుంది. నీ పరీక్షలో 'ఎర్రర్ లేదు, పనీ లేదు' అన్నది దీనివల్లే. బస్‌సీటీఎల్ కాల్ వాడుకో, అందులో ఆర్గ్యుమెంట్ల టైపులు నువ్వే రాసి ఇవ్వాలి. సెషన్ బస్ మీద పరీక్షిస్తే సుడో పెట్టకు, రూట్‌కు నీ సెషన్ బస్ తలుపు తెరవదు. క్రాన్ (టైము ప్రకారం ప్రోగ్రాములు నడిపేది) నుంచి నడిపితే బస్ చిరునామా ఎన్విరాన్‌మెంట్‌లో ఉండదు, చేత్తో ఇవ్వాలి.

ట్రాక్టర్ నంబరు ప్లేటు ఫొటోలు కూడా ఈ బస్ మీదనే పంపాలన్న ఆలోచన మానుకో. ప్రొటోకాల్ లెక్కన ఒక సందేశం 128 ఎంబీ దాకా ఉండొచ్చు నిజమే, కానీ ప్రతి బైటూ ముందు బస్ ప్రాసెస్‌లోకి, అక్కడి నుంచి అందుకునేవాడికి కాపీ అవుతుంది, ఆ సేపు చిన్న సందేశాలు వెనక నిలబడతాయి. డిస్‌ప్లే ప్రోగ్రాము చదవడం ఆపేస్తే దాని క్యూ బస్ మెమరీలో పెరుగుతూ పోయి, పరిమితి దాటాక దానికి పోయే చాటింపులు రాలిపోతాయి. ఫొటోను ఫైలులో రాసి పాత్ పంపు, లేదా ఫైల్ డిస్క్రిప్టర్‌నే (తెరిచిన ఫైలుకు కెర్నెల్ ఇచ్చే పిడి) సందేశంలో పెట్టి పంపు, డీ-బస్ ఆ పని చేస్తుంది. హన్మకొండ ఆఫీసులోని కంప్యూటర్‌కు బరువులు పంపడం మాత్రం దీని పని కాదు. ఇది ఒక పెట్టె లోపలి సంగతి, ఊరు దాటాలంటే ఎంక్యూటీటీ (నెట్‌వర్క్ మీద సందేశాలు పంపే పద్ధతి) లాంటిది పెట్టుకో.

ముందు త్రెడ్‌లోని రెండో కనెక్షన్ తీసెయ్యి. తర్వాత బస్‌సీటీఎల్ లిస్ట్‌లో పీఐడీ 812 ఉన్న చోట (రీస్టార్ట్ చేశాక ఆ నంబరు మారుతుంది) ఒక్క కనెక్షనే ఉన్నదా చూసుకో. అప్పటికీ సిగ్నల్ రాకపోతే బిల్లు స్క్రీన్ పెట్టుకున్న మ్యాచ్ నియమాన్ని ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా, ఇక్కడ పెట్టు.